గులాబ్‌రాయ్ మామిడిచెట్టు మీద తుపాకీ

1921వ సంవత్సరం. రుద్రప్రయాగ దగ్గర అలకనంద మీద వేలాడే వంతెన. ఈ ఒడ్డున ఒక బురుజు, ఆ ఒడ్డున ఒక బురుజు. వాటి నెత్తిన ఇద్దరు కుర్ర ఆంగ్ల సైనికాధికారులు రెండు నెలలుగా రాత్రిళ్ళు కాపు కాస్తున్నారు. మనుషుల్ని తినే చిరుత నది దాటాలంటే ఈ వంతెన మీదికి రావలసిందేనని వాళ్ళ లెక్క.

లెక్క తప్పలేదు. ఒక రాత్రి చిరుత రానే వచ్చింది. ఎడమ ఒడ్డు బురుజు కిందుగా నడిచి వంతెన మీదికి చేరింది. అది కాస్త ముందుకు సాగేదాకా ఓపిక పట్టి, పైనున్న అధికారి తుపాకీ పేల్చాడు. చిరుత ఒక్క ఉదుటున అవతలి ఒడ్డుకు పరుగు తీసింది. అక్కడి బురుజు మీదున్న రెండో అధికారి చేతిలో రివాల్వర్. ఆరు గుళ్ళూ దాని మీద కుమ్మరించాడు. తెల్లవారాక చూస్తే వంతెన మీద నెత్తురు, అవతలి కొండవాలు మీద నెత్తురు. రోజుల తరబడి వెతికారు. చిరుత దొరకలేదు.

ఆ తర్వాత ఆరు నెలలపాటు అది మనిషి జోలికి రాలేదు. ఏ పొదలోనో పడి చచ్చి ఉంటుందని జనం కాస్త ఊపిరి పీల్చుకున్నారు. ఆపైన మళ్ళీ మొదలైంది.

రెండు నెలల ఓపిక, సరైన చోటు, కాళ్ళ కిందికే నడిచొచ్చిన జంతువు, ఇన్ని కలిసొచ్చినా ప్రాణం తీసే దెబ్బ పడలేదు. ఎత్తు మీద కూర్చుని చీకట్లో పేల్చే తుపాకీకి కదలని ఆనిక దొరకడం ఎంత కష్టమో, అది లేకపోతే ఎవరెవరు మూల్యం చెల్లించాలో ఆ ఒక్క రాత్రి చెబుతుంది. ఈ కథను నేను ఆ వైపు నుంచే చూస్తున్నాను. చివరికి ఈ చిరుత వేటకు దిగిన జిమ్ కార్బెట్ ధైర్యం గురించి చాలామంది రాశారు. ఆ ధైర్యాన్ని గట్టెక్కించిన ఏర్పాటు గురించి రాసినవాళ్ళు తక్కువ. కార్బెట్ ఈ వేట గురించి రాసిన పుస్తకంలో చెప్పిన సంగతులే ఈ కథనానికి ఆధారం. చెట్టు మీద తుపాకీ ఎలా ఆనించి ఉంటాడన్న చోట మాత్రం పని తీరును బట్టి చేసిన ఊహ ఉంది. ఊహ ఎక్కడుందో అక్కడే చెబుతాను.

రుద్రప్రయాగ అంటే అలకనంద, మందాకిని కలిసే చోటు. ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ సీమ. కేదారనాథ్‌కు, బదరీనాథ్‌కు దారులు అక్కడే చీలుతాయి. దేశం నలుమూలల నుంచీ వచ్చే యాత్రికులు కాలినడకన ఆ దారి పట్టేవారు. రాత్రిళ్ళు దారి పక్కన గడ్డి కప్పిన చట్టీల్లో తలదాచుకునేవారు. సరిగ్గా ఆ దారినే 1918లో ఒక చిరుత మనుషుల మీదికి తిరిగింది. ఆ ఏడాది విషజ్వరం ఊళ్ళకు ఊళ్ళనే తుడిచిపెట్టింది. కట్టెలు పేర్చి దహనం చేసే ఓపిక కూడా లేక, నోట్లో నిప్పుకణిక పెట్టి శవాలను కొండ అంచు నుంచి లోయలోకి తోసేసేవారు. ఆ శవాలతో రుచి మరిగిన చిరుత, రోగం తగ్గి శవాలు కరువయ్యాక బతికున్నవాళ్ళ మీద పడిందని కార్బెట్ నమ్మకం.

ఎనిమిదేళ్ళలో సర్కారు లెక్కకెక్కిన చావులు 125. దాని తిరుగుడు 500 చదరపు మైళ్ళు. పొద్దు వాలితే అంత మేరా తలుపులు మూసుకునేవి. చీకటి పడ్డాక గుమ్మం దాటే సాహసం ఎవరూ చేసేవారు కాదు. ఒక్కోసారి మూసిన తలుపులూ దాన్ని ఆపలేదు. నిద్రపోతున్న మనిషిని, పక్కనున్న మనిషికి చప్పుడు వినపడకుండా ఎత్తుకుపోయేది. సర్కారు బహుమతులు ప్రకటించింది, తుపాకీ లైసెన్సులు పంచింది, ఉచ్చులు పన్నింది, విషం పెట్టింది. అది విషం తిని కూడా బతికింది.

కార్బెట్ 1925లో రంగంలోకి దిగాడు. నైనిటాల్‌లో పుట్టి, అడవిలో పెరిగిన మనిషి. అప్పటికి యాభై ఏళ్ళవాడు. గఢ్వాల్ డిప్యూటీ కమిషనర్ విలియం ఇబ్బట్సన్ ఆయనకు తోడు. కార్బెట్ కూడా మొదట ఆ వంతెననే నమ్ముకున్నాడు. ఎగువన ఛత్వాపీపల్ దగ్గరున్న మరో వంతెనను ముళ్ళకంపతో మూయించి, రుద్రప్రయాగ వంతెన బురుజు మీద ఇరవై రాత్రులు గడిపాడు. పైన నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న చదును. పట్టుకోవడానికి కటకటాలు లేవు. మంచుకొండల మీంచి దిగే గాలి ఒంటిని లాగి నదిలో పడేస్తుందేమోనన్నట్టు వీస్తుంది. ఇరవై రాత్రుల్లో ఆ వంతెన దాటిన ప్రాణి ఒక్క నక్క.

ఆ చలిగాలిలో, జారుడు రాతి మీద బోర్లా పడుకుని, రెండు చేతుల్లో ఒకటి పట్టుకోసం వాడుకుంటున్న మనిషి చేతిలో తుపాకీ ఎంత నిలకడగా ఉంటుంది? చిరుత వచ్చి ఉంటే 1921 నాటి కథే మళ్ళీ జరిగేదేమోనని నాకనిపిస్తుంది. కార్బెట్‌కు గురి కుదరదని కాదు. ఎంత గురికాడికైనా ఒంటికి ఆధారం కావాలి.

ఆ ఏడాది వేటలోనే ఇంకో రాత్రి. చిరుత చంపిన ఒక ఆడమనిషి శవానికి దగ్గర్లో అక్రోటు చెట్టు ఉంది. దాని బోదె చుట్టూ గడ్డివామి వేసి ఉంది. కార్బెట్ ఆ వామి మీద నక్కాడు. చీకట్లో తుపాకీ మీది సైట్ కనపడదు. అందుకని ఒక ఉపాయం చేశాడు. శవానికీ తనకీ మధ్య ఒక తెల్లరాయి పెట్టాడు. చిరుత అడ్డం వస్తే రాయి కనపడకుండా పోతుంది, అప్పుడు అటే పేల్చాలి. పొద్దు గూకగానే ఉరుములు, వాన. గడ్డి తడిసింది, బట్టలు తడిశాయి, గాలి కోస్తోంది. రాయి మాయమైంది. చివరికి వామి కిందుగా మసగ్గా కదిలిన ఆకారం మీద కార్బెట్ గుండు వదిలాడు. తెల్లవారి చూస్తే, నేలమీద గుండు తగిలిన గుర్తు, పక్కన చిరుత మెడ మీంచి తెగిన నాలుగు వెంట్రుకలు. అంతే తేడా. కొన్ని వెంట్రుకల వాసి.

ఇక్కడ కాస్త లెక్క చెప్పుకోవాలి. మీటరు పొడవున్న తుపాకీ మూతి ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, ఇరవై మీటర్ల దూరంలో గుండు రెండు సెంటీమీటర్లు జరుగుతుంది. వంద మీటర్లలో పది సెంటీమీటర్లు. మిల్లీమీటరంటే ఎంత? గుండె కొట్టుకుంటే చాలు, మూతి అంత కదులుతుంది. ఊపిరి తీస్తే అంతకన్నా ఎక్కువ. చలికి కండరాలు వణికితే ఇక చెప్పక్కర్లేదు. నేల మీద పడుకుని పేల్చేవాడికి నేలతల్లి ఆసరా ఉంటుంది. చెట్టు మీద కూర్చున్నవాడికి నడుము కింద ఊగే కొమ్మ, వీపు వెనక ఊగే బోదె. మంచె అనగానే మనకు జొన్నచేలో వడిసెలతో పిట్టలు తోలే రైతు గుర్తొస్తాడు. వడిసెలకు చెయ్యి తిరిగే చోటు కావాలి, తుపాకీకి చెయ్యి తిరగని చోటు కావాలి. వేటగాడి మంచెకూ రైతు మంచెకూ అదే తేడా.

ఈ చిక్కు కార్బెట్‌తో తీరిపోలేదు. అమెరికాలో చట్టం అనుమతించిన రుతువులో జింకల వేటకు వెళ్ళేవాళ్ళు ఇప్పుడు క్లైంబింగ్ ట్రీ స్టాండ్ వాడతారు. అది రెండు ముక్కల లోహపు చట్రం. పై ముక్క మీద కూర్చోవడం, కింది ముక్క మీద పాదాలు. రెండూ కేబుల్‌తో బోదెను చుట్టి పట్టుకుంటాయి. కొమ్మల్లేని నిటారు చెట్టు చూసుకుని, కూర్చుని కింది ముక్కను పాదాలతో లాక్కుంటూ, నిలబడి పై ముక్కను చేతులతో జరుపుతూ, గొంగళిపురుగు పాకినట్టు పైకి చేరతారు. ఎక్కేటప్పుడు తుపాకీ చేతిలో ఉండకూడదు. గుళ్ళు తీసేసి కింద వదిలి, పైకి చేరాక తాడుతో లాక్కోవాలి. ఒంటికి కట్టిన హార్నెస్ బెల్టు నేల వదిలిన క్షణం నుంచి మళ్ళీ నేల మీద కాలు పెట్టేదాకా బోదెకు ముడిపడే ఉండాలి.

కూర్చున్న మనిషి చుట్టూ నడుము ఎత్తులో ఒక కడ్డీ ఉంటుంది. తుపాకీ ఆనించడానికి అదే ఆధారం. కానీ కడ్డీ ఉన్నంత మాత్రాన నిలకడ రాదు. ఉత్త లోహం మీద పెట్టి పేలిస్తే తుపాకీ ఎగిరి గంతేస్తుంది, గుండు అనుకున్న చోటికి పోదు. గొట్టం కడ్డీకి తగిలినా గుండు దారి మారుతుంది. అందుకే కడ్డీకి మెత్తటి తొడుగు వేసి, దాని మీద అరచెయ్యి, అరచేతిలో తుపాకీ ముందు చెక్క ఉంచుతారు. వీపును బోదెకు గట్టిగా నొక్కిపెడతారు. ట్రిగ్గర్ నొక్కే చేతి మోచేతికి కూడా ఆధారం కావాలి. ముందు ఒక ఆనిక, వెనక ఒక ఆనిక, వీపు వెనక చెట్టు. ఈ మూడూ కుదిరితేనే మూతి నిలుస్తుంది. గాలి విసిరి చెట్టు ఊగుతుంటే పేల్చకుండా, ఊపు ఆగేదాకా ఆగాలి.

ఇంకో సంగతి కొత్తవాళ్ళకు చప్పున తట్టదు. కుడిచేతివాటం మనిషి కూర్చున్నచోటు నుంచి ఎడమవైపుకు సులువుగా తిరగగలడు. కుడివైపుకు తిరగలేడు, తుపాకీ మడమ భుజం వదిలేస్తుంది. కాబట్టి జంతువు ఎడమపక్క నుంచి వచ్చేలా ముందే చెట్టును, ముఖం తిప్పి కూర్చునే దిక్కును ఎంచుకోవాలి. పని సగం నేల మీదే, పగటివెలుగులోనే అయిపోతుందన్నమాట.

కార్బెట్ చేసిందీ అదే.

1926 ఏప్రిల్ 14న భైంస్వారా ఊళ్ళో చిరుత ఇంకొకరిని చంపింది. కార్బెట్ ఆఫ్రికా ప్రయాణం అప్పటికే వాయిదా పడుతూ వస్తోంది. అంతవరకూ జరిగిన సంఘటనలన్నీ పటం మీద పెట్టి చూశాడు. రుద్రప్రయాగకూ గులాబ్‌రాయ్‌కీ మధ్య యాత్రికుల దారిలో చిరుత సగటున అయిదు రోజులకోసారి నడుస్తోందని తేలింది. గులాబ్‌రాయ్‌లో యాత్రికుల చట్టీ నడిపే పండితుడు అంతకు కొన్నేళ్ళ ముందు ఆ చిరుత నోట్లోంచే బయటపడ్డ మనిషి. గొంతు చీలి, ప్రాణం పోయి వచ్చినవాడు. ఆ చట్టీకి దగ్గర్లో, దారి మీదికి వంగి ఒక మామిడిచెట్టు ఉంది. దాని మీద మంచె కట్టారు. కింద దారి పక్కన మెడలో గంట కట్టిన మేక.

చిరుత వెంట పడటం మానేసి, అది నడిచే దారిలో తానే కదలకుండా కూర్చున్నాడు. నా దృష్టిలో ఈ వేట మొత్తం మలుపు తిరిగింది ఇక్కడే. చిరుత ఎక్కడికి వస్తుందో మేక నిర్ణయిస్తుంది. మేక ఎక్కడుందో తాడు నిర్ణయిస్తుంది. తాడు ఎక్కడుందో మంచె మీది మనిషికి తెలుసు. చీకట్లో వెతుక్కోవలసింది ఏమీ మిగల్లేదు.

మొదటి రాత్రి గడిచింది. రెండోది గడిచింది. పది రాత్రులు అలాగే గడిచాయి. మే నెల వచ్చింది. ఇబ్బట్సన్‌కు పౌడీలో పనులున్నాయి. కార్బెట్ ఓడ ఎక్కాలి. ఇంకొక్క రాత్రి చూసి వదిలేద్దామనుకున్నారు.

మే 2. సాయంత్రం హరిద్వార్ నుంచి ఒక ముసలి బేహారి వచ్చాడు. మేకల మీదా గొర్రెల మీదా ఉప్పూ బెల్లం మోయించుకుని బదరీనాథ్ పై ఊళ్ళకు పోతున్నాడు. వెంట కాపలా కుక్కలు. మందను చెట్టుకు దగ్గర్లోనే దింపాడు. మంద ఉంటే చిరుత అటు మళ్ళుతుందేమోనన్న బెంగ ఉన్నా, కుక్కలుంటే ముందుగా తెలుస్తుందన్న ఆశ కూడా కార్బెట్‌కు కలిగి ఉండాలి.

చీకటి పడింది. చంద్రుడు రావడానికి ఇంకా చాలాసేపు ఉంది. కింద మేక ఉందో లేదో కూడా కంటికి ఆనదు, అప్పుడప్పుడూ గంట మాత్రం మోగుతుంది.

ఇక్కడ నా ఊహ కొంత చెప్పాలి. ఆ సాయంత్రం వెలుగుండగానే కార్బెట్ రైఫిల్‌ను మేక కట్టిన చోటికి గురిపెట్టి, మూతి ఆ గురి తప్పకుండా ఆనించి ఉంచి ఉండాలి. మంచె గడ్డి మీద కూర్చున్న ఒళ్ళు అటూ ఇటూ జరగకుండా, మడమ భుజానికి ఆని, వేలు ట్రిగ్గర్ దగ్గర ఉండేలా సర్దుకుని ఉండాలి. గంటల తరబడి తుపాకీని రెండు చేతుల బలంతో ఎత్తిపట్టుకోవడం ఏ మనిషికీ సాధ్యం కాదు. ఆ తర్వాత జరిగింది చూస్తే ఇంకోలా అనుకోవడానికి వీల్లేదు.

రాత్రి పది గంటల ప్రాంతంలో కుక్క మొరిగింది. మొరుగుతూనే ఉంది. దారి మీద ఏదో ఉంది. కార్బెట్ కళ్ళు మూసుకుని చెవులతో చూస్తున్నాడు. తర్వాత నిశ్శబ్దం. ఉన్నట్టుండి దారి మీద ఉరికిన చప్పుడు, మేక మెడలో గంట పిచ్చిగా మోగింది.

టార్చి మీట నొక్కాడు. వెలుగులో రైఫిల్ సైట్‌కు సూటిగా చిరుత భుజం ఉంది. తుపాకీని వెంట్రుకవాసి కూడా జరపాల్సిన పని లేకపోయిందని ఆయనే చెప్పాడు. ట్రిగ్గర్ నొక్కాడు. నొక్కుతుండగానే టార్చి ఆరిపోయింది.

ఆ రోజుల్లో మన దేశంలో వేటకు టార్చి వాడకం కొత్త. బ్యాటరీ అయిపోవచ్చింది. దొరికిన వెలుగు ఒక్క క్షణం. ఆ క్షణంలో తుపాకీ ఎత్తి, చూసి, గురి కుదుర్చుకోవలసి వచ్చి ఉంటే వెలుగు ముందే పోయేది. చీకట్లోకి పేలిన గుండు మళ్ళీ నాలుగు వెంట్రుకలకే తగిలేది.

తుపాకీ శబ్దానికి చట్టీలో పండితుడు తలుపు తీసి సాయం కావాలా అని కేకేశాడు. చిరుత కదలిక వినడానికి ఒళ్ళంతా చెవులు చేసుకున్న కార్బెట్ బదులు పలకలేదు. జవాబు రాకపోయేసరికి పండితుడు చటుక్కున తలుపు మూసేశాడు. ఒకసారి ఆ పళ్ళ మధ్య నుంచి బయటపడ్డ మనిషి, ఆ చీకట్లో తలుపు తీయడమే గొప్ప అని నేనంటాను.

ఆ తర్వాత గంటల తరబడి ఏమీ తెలియలేదు. గుండు తగిలిందో, మళ్ళీ గాయపడి పారిపోయిందో. చంద్రుడు వచ్చినా కొండవాలులో ఏదీ ఆనలేదు. తెల్లవారాక కార్బెట్ చెట్టు దిగాడు. మేక క్షేమంగా ఉంది, ఆయన్ను చూసి అరిచింది. మేక వెనక రాతి మీద అంగుళం వెడల్పు నెత్తుటి చార. చార వెంట కొండ దిగితే, గుంత అంచున గడ్డం ఆనించి చిరుత పడి ఉంది. చచ్చిపోయి.

మూతి నెరిసిన ముసలి మగ చిరుత. మీసాలు లేవు. పళ్ళు అరిగి రంగు మారాయి, ఒక కోరపన్ను విరిగింది. ఒంటి వంపుల వెంట కొలిస్తే ఏడడుగుల పది అంగుళాలు. కుడి భుజంలో కొత్త గుండు దెబ్బ ఒక్కటే, అదే సరిపోయింది. వెనక ఎడమ పాదం కింద పాత గుండు గాయం మానిన గుర్తు, ఒక వేలి ముక్క, గోరు లేవు. అది వంతెన మీద అయిదేళ్ళ నాడు తగిలినదే. ఎనిమిదేళ్ళు ఒక సీమనంతా ఇళ్ళలో బంధించిన ప్రాణి ఇంత ముసలిదా అని కార్బెట్‌కే జాలి కలిగింది. అది అడవి ధర్మం తప్పలేదు, మనుషుల చట్టం తప్పింది, అంతే.

వార్త తెలిసి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం బారులు తీరారు. రుద్రప్రయాగ బజారులో కార్బెట్ పాదాల ముందు పూలు పోశారు. వాళ్ళలో బిడ్డను పోగొట్టుకున్న తల్లులున్నారు, భార్యను పోగొట్టుకున్న భర్తలున్నారు. ఆ సాయంత్రం పొద్దుపోయాక కూడా తలుపులు తెరిచి ఉంచుకోవచ్చని వాళ్ళకు నమ్మకం కుదరడానికి, ఆ కళేబరాన్ని కళ్ళారా చూడటం అవసరమైంది.

ఇప్పుడు మన దేశంలో వేట లేదు, ఉండకూడదు కూడా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని నిషేధించింది. ఏ పులి అయినా, చిరుత అయినా మనుషుల ప్రాణాలకు ముప్పుగా మారితే రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కారణాలు రాసి, అనుమతిస్తేనే చంపాలి. అదీ పట్టుకోవడానికో, మత్తు ఇవ్వడానికో, వేరేచోటికి తరలించడానికో వీల్లేదని తేలాకనే. అటువంటి పని ఎప్పుడైనా ఎవరికైనా అప్పగించక తప్పకపోతే, నిలకడైన ఆనిక కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టనివాడికే అప్పగించాలి. గాయపడి తప్పించుకున్న జంతువు బాధ దానిదొక్కదానిదే కాదు, ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటిదీ.

చార్‌ధామ్ యాత్రకు మన ఊళ్ళ నుంచి ఏటా ఎందరో వెళ్తున్నారు. రుషీకేశ్ నుంచి బస్సు రుద్రప్రయాగ చేరే దారిలో, ఊరికి దగ్గర్లోనే గులాబ్‌రాయ్ వస్తుంది. చిరుతను కూల్చిన చోట కార్బెట్ స్మారకం ఉంది. డ్రైవరును అడిగి ఒక్క అయిదు నిమిషాలు ఆగండి.